ఒడిశా బరంపురంలో నీళ్ళంటే హడలిపోయే పెద్దవాళ్ళకి ఈత క్లాసు: మూడు నెలలు వెళ్ళొచ్చాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, నాకు ఈత రాలేదు. మార్చి నుంచి మే ఆఖరు దాకా నెలకి 1,500 చొప్పున కట్టి, పొద్దున్నే ఐదున్నరకి లేచి, స్కూటీ మీద వెళ్ళి, 43 ఏళ్ళ వయసులో నైలాన్ నిక్కరూ రబ్బరు టోపీ వేసుకుని చిన్న పిల్లల మధ్య నిలబడి, ఇంతా చేసి ఇప్పటికీ ఈ చివర నుంచి ఆ చివరకి ఈదమంటే ఈదలేను. పది పన్నెండు అడుగులు వెళ్ళి లేచి నిలబడిపోతాను. అయినా ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. ఆ మూడున్నర ఎందుకో, కోసేసిన ఒకటిన్నర ఎందుకో చెప్పాలంటే కొంచెం ఎక్కువే రాయాలి, ఓపిక ఉంటే చదవండి. నెలలో ఈత వచ్చేయాలి, ఫ్రీస్టైల్ కొట్టేయాలి అనుకునేవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు.

పూల్ పేరు రాయట్లేదు. మన ఊళ్ళో ఉన్నవే వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని, బాగోలేని సంగతులు కూడా రాస్తున్నాను, నా వల్ల అక్కడ పనిచేసే మాస్టారికి మాట రాకూడదు. బరంపురం వాళ్ళు ఎలాగూ పోల్చుకుంటారు.

నీళ్ళంటే భయం అనగానే అందరూ లోతు నీళ్ళనుకుంటారు. నాకు మగ్గు నీళ్ళన్నా భయమే. తలంటు పోసుకోవాలంటే తల వెనక్కి వంచి, ఎడమ చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, చుక్క మొహం మీదకి రాకుండా వెనక నుంచి పోసుకుంటాను. ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. షవర్ కింద నిలబడను. సెలూన్‌లో తల కడుగుతామంటే వద్దని లేచి వచ్చేస్తాను. పోనీ నీళ్ళు ముట్టనివాణ్ణా అంటే కాదు, మాది పట్టు నేత కుటుంబం, తాతగారి రోజుల్లో పెరట్లో రంగు తొట్లు ఉండేవి, చిన్నప్పుడు మోచేతుల దాకా చేతులు పెట్టి పట్టు దారం చిలపలు ముంచి తీసేవాణ్ణి, వారం రోజులు గోళ్ళు ఎర్రగా ఉండేవి. చేతులకి లేని భయం మొహానికి ఎందుకొచ్చిందో నాకు తెలీదు.

"చిన్నప్పుడు బందలో పడిపోయావా? నూతిలో పడ్డావా?" ఈ ప్రశ్న నన్ను అడగనివాళ్ళు లేరు. పడలేదండీ. ఎవరూ తొయ్యలేదు, ఎవరూ మునగగా చూడలేదు. ఏదో ఒక కథ ఉంటే బాగుండును, చెప్పుకోవడానికి సులువుగా ఉండేది అని చాలాసార్లు అనుకున్నాను. తర్వాతెప్పుడో చదివితే తెలిసింది, ఆస్ట్రేలియాలో మెంజీస్, క్లార్క్ అనే ఇద్దరు పరిశోధకులు నీళ్ళంటే భయపడే పిల్లల తల్లిదండ్రుల్ని అడిగి 1993లో రాశారట, సగం మందికి పైగా చెప్పింది ఒకటే మాట, మొట్టమొదటిసారి నీళ్ళ దగ్గరకి తీసుకెళ్ళినప్పటి నుంచే వీడింతే అని. ఏదో ప్రమాదం వల్ల భయం పట్టుకుందన్నవాళ్ళు చాలా తక్కువట. మా అమ్మ కూడా ఇదే అంటుంది, పురిటి స్నానం నాడే ఇల్లు ఎగరగొట్టాడని.

ఇంకో తమాషా. పూల్ ఆఫీసులో ఫారం నింపేటప్పుడు ఆరోగ్య సమస్యలు అని ఒక గడి ఉంటే, ఇంటర్నెట్‌లో చూసిన పదమే కదా అని స్టైల్‌గా హైడ్రోఫోబియా అని రాశాను. కౌంటర్‌లో ఉన్నాయన అది చదివి ఒక్క అడుగు వెనక్కేసి, ఒడియాలో మెల్లిగా, కుక్క కరిచిందా అని అడిగాడు. ఆయన భయంలో న్యాయం ఉంది. హైడ్రోఫోబియా అంటే రేబిస్ ముదిరినప్పుడు వచ్చే లక్షణం, నీళ్ళు మింగబోతే గొంతు కండరాలు పట్టేసి రోగి హడలిపోతాడు, ఆ దశకి వచ్చాక దాదాపు ఎవరూ బతకరు. మనలాంటి వాళ్ళది ఆక్వాఫోబియా. మీరు ఫారం నింపితే సరిగ్గా రాయండి, లేకపోతే నాలాగే కుక్క కరవలేదని సంజాయిషీ చెప్పుకోవాలి.

ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడెందుకు వెళ్ళాను అంటే, నాన్న పోయారు. అంతకు ముందు కార్తీకంలో. అస్థికలు గోపాల్‌పూర్ సముద్రంలో కలపాలి, మాకు 16 కిలోమీటర్లు. పెద్దకొడుకుని కాబట్టి కుండ నా చేతిలో పెట్టారు. మోకాళ్ళ లోతు దాకా వెళ్ళాను. కుండ వదిలాను. పంతులుగారు ఒడ్డు నుంచి మూడు మునకలు వెయ్యమన్నారు. గోపాల్‌పూర్ తీరం తెలిసినవాళ్ళకి తెలుసు, ఒడ్డు ఏటవాలు, అల వెనక్కి పోయేటప్పుడు పాదాల కింద ఇసుక లాగేస్తుంది, నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే గోతిలోకి దిగుతున్నట్టు ఉంటుంది. నా కాళ్ళు బిగుసుకుపోయాయి. కూర్చోలేను, వెనక్కి రాలేను. ఎంతసేపు అలా ఉన్నానో తెలీదు, మా తమ్ముడు వచ్చి చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చాడు, పంతులుగారు చెంబుతో నాలుగు చుక్కలు తల మీద చల్లి "పర్వాలేదు నాయనా" అన్నారు. తమ్ముడు వెళ్ళి మూడు మునకలు వేసి వచ్చాడు. మా పెదనాన్న వెనక ఎవరితోనో అంటున్నాడు, "పెద్దోడికి తండ్రి కోసం మూడు మునకలు పడలేదు" అని. గొంతు తగ్గించే అన్నాడు, గాలి మా వైపు వీస్తోంది.

సంవత్సరీకానికి ఏడాది టైముంది. మార్చిలో కట్టాను.

నిజానికి అంతకు ముందు ఇంకో చోట నాలుగు రోజులు వెళ్ళాను, దాని పేరు కూడా రాయను. అక్కడి పద్ధతి ఒక్కటే, తొయ్యడం. "దిగితే అదే వస్తుంది" అనే సిద్ధాంతం. మూడో రోజు అక్కడి కోచ్ నన్ను నిచ్చెన పట్టుకుని నిలబడమని, కబుర్లు చెబుతూ చెబుతూ నా వేళ్ళు విడదీశాడు. నాలుగు అడుగుల నీళ్ళే, నా ఎత్తు ఐదు అడుగుల ఏడు అంగుళాలు, కాళ్ళు కిందకి పెడితే అయిపోయేది. ఆ లెక్క భయానికి తెలీదు కదా. ముక్కులోకి నీళ్ళు వెళ్ళి, నుదుటి వెనక మంట లేచి, పైకొచ్చి ఎవడి మెడ పట్టుకున్నానో కూడా గుర్తులేదు. అందరూ నవ్వారు. వాళ్ళు చెడ్డవాళ్ళని అనను, మన చిన్నప్పుడు చెరువుల్లో అందరికీ అలాగే నేర్పారు, చాలామందికి వచ్చింది కూడా. కానీ ఈత రానివాడు వేరు, నీళ్ళంటే ఫోబియా ఉన్నవాడు వేరు. నాలుగో రోజు వెళ్ళి టవల్ తెచ్చుకుని వచ్చేశాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ రెండో పూల్‌లో మాస్టారు గోపాల్‌పూర్ నోలియా కుర్రాడు. తెలీనివాళ్ళ కోసం, ఈ తీరంలో తెలుగు మాట్లాడే జాలరుల్ని ఒడియావాళ్ళు నోలియాలంటారు. పూరీలో సముద్ర స్నానానికి వచ్చిన యాత్రికుల చెయ్యి పట్టుకుని అలల్లోకి తీసుకెళ్ళేది వాళ్ళే, అక్కడ పెంటకోట పేటలోకి వెళ్తే ఇంటింటా తెలుగే వినిపిస్తుంది. ఈ అబ్బాయికి పాతికేళ్ళు లోపే, నా మేనల్లుడి ఈడు. నన్ను "బాబాయ్" అంటాడు, నేను "మాస్టారూ" అంటాను, పక్కనున్న పిల్లలకి అది పెద్ద జోకు.

మొదటి రోజు నన్ను గట్టు మీద కూర్చోబెట్టి "కాళ్ళు ఏలాడేసి కూకోండి బాబాయ్, ఈరోజుకి అదే పని" అన్నాడు. ఇరవై నిమిషాలు కాళ్ళు నీళ్ళల్లో పెట్టుకుని కూర్చున్నాను. 1,500 ఇచ్చి కాళ్ళు కడుక్కోవడానికి వచ్చానా అనిపించింది. మధ్యమధ్యలో వచ్చి ఒకటే ప్రశ్న, "బయం పదికి ఎంత?" ఆరు అన్నాను. కాసేపాగి మళ్ళీ వచ్చాడు. నాలుగు. ఇంకాసేపటికి, మూడేమో. "అయితే రేపు ఒక మెట్టు" అన్నాడు. రెండో రోజు ఒక మెట్టు, మూడో రోజు కూడా అదే మెట్టు, ఎందుకంటే ఆ రోజు నా లెక్క మూడుకి దిగలేదు. దిగకపోతే కిందకి పంపడు. దిగిందని నేను అబద్ధం చెప్పినా మొహం చూసి పట్టేస్తాడు.

ఇది అతను కనిపెట్టిన పద్ధతి కాదు, లైఫ్‌గార్డు ట్రైనింగ్‌లో ఎవరో చెప్పారట. మా కొట్టుకి వచ్చే ఒక సైకియాట్రిస్టు మేడమ్‌ని అడిగితే ఆవిడ నవ్వి, మేం చేసేదీ ఇదే అన్నారు. ఏ ఒక్క దాని మీదో పట్టుకునే ఇలాంటి భయాన్ని స్పెసిఫిక్ ఫోబియా అంటారట, ఎత్తులు, తుఫానులు, నీళ్ళు అన్నీ ఒక గుంపు కింద వేస్తారట, ఆరు నెలలకి పైగా ఉండి మన బతుకుని ఇబ్బంది పెడుతుంటే జబ్బు కింద లెక్క. మందుకి ముందు చేసేది భయపడే వస్తువుని మెట్టు మెట్టుగా దగ్గరకి తేవడం. 1924లోనే అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ కుందేలంటే ఏడ్చే మూడేళ్ళ పిల్లాడి చేతికి ఇష్టమైన తిండి ఇచ్చి, వాడు తింటూ ఉండగా కుందేలు బోనుని రోజూ కాస్త కాస్త దగ్గరకి జరిపిందట, ఆఖరికి వాడు దాన్ని నిమిరాడు. 1950ల్లో దక్షిణాఫ్రికాకి చెందిన జోసెఫ్ వోల్పే అనే డాక్టరు దీన్ని ఒక చికిత్సగా తయారుచేశాడు. ఈ మెట్లు మరీ కష్టంగా ఉన్నవాళ్ళు, నీళ్ళ చప్పుడు వింటేనే గుండె దడ వచ్చేవాళ్ళు, పూల్‌కి ముందు డాక్టరు దగ్గరకే వెళ్ళండి, మన ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో సైకియాట్రీ విభాగం ఉంది. దానికి సిగ్గుపడే రోజులు పోయాయి. నేను సిగ్గుపడ్డాను, అది వేరే సంగతి.

మొహం నీళ్ళలో పెట్టడం దగ్గర మాత్రం మూడు వారాలు ఆగిపోయాను. నడుం లోతులో నడుస్తున్నాను, మెడ దాకా కూర్చుంటున్నాను, గడ్డం తగలగానే పదికి తొమ్మిది. మాస్టారు హోంవర్క్ ఇచ్చాడు. ఇంట్లో బేసిన్‌లో నీళ్ళు పోసుకుని, మొదట పెదాలు మాత్రం ముంచి బుడగలు ఊదాలి. అది అలవాటయ్యాక ముక్కు. ముక్కు ముంచేటప్పుడు మ్‌మ్‌మ్‌ అని మూలుగుతూ ఉండాలి. ఈ ఒక్క ముక్క కోసమే నేను కట్టిన 4,500 చెల్లిపోయిందంటాను. మూలుగుతున్నంతసేపు ముక్కులోంచి గాలి బయటకి వస్తూనే ఉంటుంది, గాలి బయటకొచ్చే చోట నీళ్ళు లోపలికి రావు. 43 ఏళ్ళలో నాకెవరూ చెప్పలేదు. అందరూ ఊపిరి బిగపట్టమనే చెప్పారు.

ఉండ్రాళ్ళ పిండి కలిపే స్టీలు బేసిన్ వంటింటి గట్టు మీద పెట్టుకుని రోజూ సాయంత్రం కొట్టు నుంచి వచ్చాక ఇదే పని. మా అమ్మాయి స్టాప్‌వాచ్ పట్టుకునేది. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేరు, బేసిన్‌లో మొహం పెట్టి మూలుగుతున్నాను, నాలుగు, ఐదు, ఆరు అని మనసులో లెక్కపెట్టుకుంటున్నాను, వెనక నుంచి అమ్మ వచ్చి వీపు మీద చెయ్యేసింది. లేచి చూస్తే ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు. "ఏట్రా, నాన్న కోసం ఏడుస్తన్నావా" అంది. మొహం అంతా తడే కదా, చూసేవాళ్ళకి అలాగే ఉంటుంది. లేదమ్మా, ఈత హోంవర్క్ అన్నాను. నమ్మలేదు. కొంగుతో మొహం తుడిచి వెళ్ళిపోయింది.

డాక్టరు మేడమ్ ఇంకో సంగతి చెప్పారు, చల్లటి నీళ్ళలో మొహం పెట్టి ఊపిరి బిగిస్తే గుండె వేగం దానంతట అదే తగ్గుతుందట, సీల్ అనే సముద్ర జంతువులకీ తిమింగలాలకీ ఉన్న గుణమే కాస్త మనిషికీ మిగిలిందట. నాకు మాత్రం మొదట్లో గుండె తగ్గడం మాట అటుంచి చెవుల్లో తబలా వాయించింది, భయం ముందు ఆ గుణం నిలబడలేదు. ఏప్రిల్ ఆఖరుకి వచ్చేసరికి, ఒప్పుకోవాలి, మొహం పెట్టగానే ఏదో కాస్త నెమ్మదించినట్టు ఉండేది.

తేలడం నేర్పిన పద్ధతి మీద ఇంకో పేజీ రాయగలను. వెల్లకిలా పడుకోవాలి. పడుకోగానే చెవులు మునుగుతాయి, లోకం చప్పుడంతా ఒక్కసారి ఆగిపోయి మన ఊపిరి మనకే పెద్దగా వినిపిస్తుంది, నాకు నీళ్ళకంటే ఆ నిశ్శబ్దం ఎక్కువ భయం. మాస్టారి లెక్క ఇదీ: గాలి ఛాతీలో ఉంది, బరువు కాళ్ళల్లో ఉంది, అందుకే కాళ్ళు దిగుతాయి, చేతులు తల పైకి చాపితే తూకం సరిపోతుంది. గుండెల నిండా గాలి పట్టుకున్నంతసేపు మామూలు మనిషి మునగడు, కంగారుపడి గాలంతా వదిలేసిన క్షణం నుంచి దిగడం మొదలవుతుంది. సముద్రంలో అయితే ఇంకా సులువు, లీటరు నీటికి 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది, నీరే బరువెక్కి మనల్ని పైకి తోస్తుంది. ఇవన్నీ వినడానికి బాగానే ఉంటాయి. నా మెడ కింద అతని అరచెయ్యి ఉంది. తర్వాత నాలుగు వేళ్ళు. తర్వాత రెండు. "ఇప్పుడు ఒక ఏలు తీస్తన్నాను బాబాయ్. తీసీనా?" ఊఁ అనేదాకా తియ్యడు. వద్దంటే అరగంటైనా అలాగే పట్టుకుని నిలబడతాడు, నీళ్ళల్లో చెయ్యి నాని వేళ్ళు ముడతలు పడిపోయేవి. ఆఖరి వేలు తీసినప్పుడు కూడా చెప్పే తీశాడు. అయ్యో, ఇతరులకి ఇది చిన్న విషయంలా ఉంటుంది. వేళ్ళు విడదీయించుకున్న చోటు నుంచి వచ్చినవాడికి తెలుస్తుంది. మూడున్నరలో మూడు స్టార్లు దీనికే.

ఒకరోజు అడిగాను, నీకు దేనికీ భయం లేదా అని. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది గుర్తుందా, అప్పుడు ఇతనికి పన్నెండేళ్ళు, పేటలో వాళ్ళందర్నీ ముందే షెల్టర్‌కి తరలించారట. సముద్రం గురించి ఏదో చెబుతాడనుకున్నాను. "లిఫ్ట్ ఎక్కను బాబాయ్" అన్నాడు. భువనేశ్వర్‌లో ట్రైనింగ్‌కి వెళ్ళినప్పుడు రోజూ ఆరు అంతస్తులు మెట్లెక్కేవాడట. తలుపు మూసుకుంటే ఊపిరాడదట. పదికి ఎంత అన్నాను. "పది" అని నవ్వేశాడు.

ఇక ఒకటిన్నర ఎందుకు కోశానో.

అన్నిటికంటే పెద్దది, గట్టు మీద లోతు అంకెలు చెరిగిపోయాయి. ఒక వైపు మూడున్నర అడుగులు, రెండో వైపు ఆరు, మధ్యలో నేల వాలు ఎక్కడ మొదలవుతుందో కొత్తవాడికి తెలిసే దారి లేదు. మూడుసార్లు చెప్పాను, పెయింటరుకి చెప్పాం అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2021లో నీటమునిగి పోయినవాళ్ళు సుమారు 3 లక్షల మంది, ఒక డబ్బా పెయింటు ఎంతండీ? దానికి తోడు మాస్టారు లేని రోజు వచ్చే ఇంకో ఆయన కుర్చీలో కూర్చుని ఫోన్‌లో రీల్స్ చూస్తాడు. ఆ రోజుల్లో నేను మెట్లు దాటలేదు.

పూల్‌లోకి దిగేముందు షవర్ తప్పనిసరి అని ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ బోర్డు ఉంది. రూలు మంచిదే. కళ్ళు మండించే ఆ ఘాటు వాసన ఉత్త క్లోరిన్‌ది కాదట, మన చెమటా మూత్రమూ క్లోరిన్‌తో కలిస్తే పుట్టే క్లోరమీన్లదట, కడుక్కుని దిగితే తగ్గుతుంది. కానీ రెండు షవర్లలో ఒకటే పనిచేస్తుంది, అదీ తిప్పగానే మొహం మీదకే కొడుతుంది. నాలాంటి వాడికి పూల్ కంటే షవరే పెద్ద పరీక్ష. మొదటి నెల బకెట్ పట్టుకెళ్ళాను, వాచ్‌మన్ ఏమీ అనలేదు, పాపం. శనివారాల్లో పిల్లల కోచింగ్ మన టైములోకి జరిగిపోతుంది, వాళ్ళు దూకే నీళ్ళు మొహాన పడతాయి, వాళ్ళని అనేదేముంది, టైము చూసుకోవాల్సింది ఆఫీసువాళ్ళు. బట్టలు మార్చుకునే గదికి గెడ లేదు, కాలితో తలుపు పట్టుకుని నిక్కరు మార్చడం కూడా ఒక విద్యే. ఆడవాళ్ళ బ్యాచ్ వారానికి మూడు సాయంత్రాలు మాత్రమే, మా ఆవిడ అడిగితే సీట్లు లేవన్నారు.

గాగుల్స్ మాట. కౌంటర్‌లో 450కి అమ్మేవి కొనకండి, రెండో రోజే నీళ్ళు కారాయి, నాలాంటి వాడికి గాగుల్స్‌లోకి నీళ్ళు రావడం అంటే ఆ రోజు క్లాసు అయిపోయినట్టే. గేట్ బజార్‌లో స్పోర్ట్స్ కొట్టులో 280కి తీసుకున్నవి ఇప్పటికీ బాగున్నాయి. కొనేముందు తాడు వేసుకోకుండా కంటికి నొక్కి చూడండి, రెండు క్షణాలు ఊడిపోకుండా అంటుకుంటే మీ మొహానికి సరిపోయినట్టు. ముక్కు క్లిప్పు కొన్నాను, మాస్టారు చూసి జేబులో పెట్టేసుకున్నాడు, ఆఖరి రోజు తిరిగిచ్చాడు.

పూల్ మే నెలతో అయిపోయింది. వానలు, తర్వాత దసరా, మధ్యలో బేసిన్ మాత్రం మానలేదు. కార్తీక పౌర్ణమి నాడు తెల్లవారుజామున ఒడియావాళ్ళు బొయిత బందాణ చేస్తారు కదా, పూర్వం బాలి, జావా దీవులకి ఓడలెక్కి వెళ్ళిన వర్తకుల పేరు చెప్పి అరటి దొప్పల పడవల్లో దీపాలు వదులుతారు, అమావాస్య దాటగానే పోలిపాడ్యమికి మనవాళ్ళ దీపాలు అదే నీళ్ళల్లో. ప్రతి ఏడూ మా ఇంటి దీపాలు మా ఆవిడే వదిలేది, నేను స్కూటీ దగ్గర నిలబడేవాణ్ణి. ఈసారి చెరువు మెట్లు దిగి నేనే వదిలాను. మోకాలి లోతే లెండి.

సంవత్సరీకానికి గోపాల్‌పూర్‌కి మాస్టారు కూడా వచ్చాడు, నేను పిలవలేదు, తనే వాళ్ళ చిన్నాన్నని తీసుకుని వచ్చాడు. పూల్ వేరు, సముద్రం వేరు, పూల్‌లో తేలినవాడు సముద్రంలో ఒంటరిగా దిగకూడదు, ఇది అతను నాకు వందసార్లు చెప్పిన మాట. ఆ పెద్దాయన నా మణికట్టు పట్టుకున్నాడు, చేతిని కాదు, మణికట్టుని. "అలకి ఎదురు నిలబడకు బాబూ, పక్కకి తిరుగు. నాను 'ఇప్పుడు' అంటే కూకో." కాళ్ళ కింద ఇసుక అలాగే లాగింది. మాస్టారు ఒడ్డు నుంచి అరిచాడు, పదికి ఎంత అని. ఎనిమిది అని అరిచాను. ఆఁ అయితే ఆగండి అన్నాడు. పంతులుగారికి అర్థం కాలేదు, ఏమిటా ఎనిమిది, మునకలు మూడే కదా అంటున్నారు. నాలుగైదు అలలు వెళ్ళాయి. ఆరు అన్నాను.

ఇప్పుడు.

మూలుగుతూ కూర్చున్నాను. ఒకటి. లేచాక కళ్ళు మండాయి, రెండోసారికి మూలగడం మర్చిపోయాను, ముక్కులో ఉప్పు నీళ్ళు వెళ్ళి దగ్గు వచ్చింది, వదిలెయ్యమందామనుకున్నాను, పెద్దాయన మణికట్టు వదల్లేదు, లాగనూ లేదు. దగ్గు తగ్గేదాకా ఆగి మూడోది వేశాను.

అమ్మ ఇసుకలో గొడుగు కింద కూర్చుని చూసింది. పెదనాన్న ఆ టైములో అటు తిరిగి ఫోన్ మాట్లాడుతున్నాడట, చూడలేదట. మళ్ళీ వెయ్యనా అని అడిగాను అమ్మని. "నోర్ముయ్యి, జలుబు చేస్తది" అంది.

ఫారాలు ఫిబ్రవరి ఆఖరు వారంలో ఇస్తారు, పెద్దవాళ్ళ బ్యాచ్ పొద్దున్న 6 నుంచి 7, మాస్టారు ఉండే రోజులేవో ముందే అడిగి కట్టండి, డబ్బులు వెనక్కివ్వరు. టవల్స్ రెండు పట్టుకెళ్ళండి, ఒకటి గెడ లేని తలుపుకి. నేను మార్చికి మళ్ళీ కడుతున్నాను. వెళ్ళగానే చూసేది గట్టు మీద అంకెలు వేశారా లేదా అని, వేసి ఉంటే ఇంకో అర స్టార్ కలుపుతాను.